పెనం మీద చదివిన ఓడ కథ

టీవీలో వచ్చిన కథని మళ్ళీ పుస్తకంగా అచ్చు వేస్తారన్న సంగతి, మా మనవరాలు ఆ పార్సిల్ విప్పేదాకా నాకు తెలియదు. తెలిశాక నచ్చలేదు కూడా. అట్ట మీద అదే ఓడ, అవే మొహాలు. నెలల తరబడి మా హాల్లో ఆ మొహాలనే చూశాను.

"చూసిందే కదా, మళ్ళీ కొనడం ఎందుకు?" అన్నాను.

మనవరాలికి పన్నెండేళ్ళు. మా అమ్మాయి కూతురు. పుట్టింది ఈ దేశంలోనే, ఇక్కడ స్కార్‌బరోలోనే. అడిగిన దానికి ఇంగ్లీషులో జవాబు చెప్పడం దాని అలవాటు. ఇంగ్లీషులో చెబితే నేను వినిపించుకోనట్టు ఉండటం నా అలవాటు. అందుకని కాసేపు మాటలు వెతుక్కుని చెప్పింది.

"చూసింది కాదు అమ్మమ్మా. షో క్యాన్సిల్ చేసేశారు. ఎండింగ్ లేకుండానే ఆపేశారు. ఎండింగ్ ఈ బుక్‌లో ఉంది."

"కథ పూర్తి కాకుండా ఎలా ఆపేస్తారు?"

"ఎవరూ చూడట్లేదంట."

"నువ్వు చూశావుగా?"

"నేనొక్కదాన్నే చూస్తే చాలదు అమ్మమ్మా."

ఆ సీరియల్ ముందు నేనూ కూర్చున్నాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనో, బట్టలు మడతపెడుతూనో చూశాను. మాటలు అర్థం కాకపోయినా మనుషులు అర్థమవుతారు. భూమి మీద బతకడానికి వీల్లేకపోయాక, ఇంకో చోటు వెతుక్కుంటూ కొంతమంది ఓడలో ఆకాశంలో పోతుంటారు. ఎన్నేళ్ళు పోయినా ఆ చోటు రాదు. ఓడకో కెప్టెను, ఓ డాక్టరమ్మ, తుపాకులు పట్టుకు తిరిగే కుర్రకారు. వాళ్ళెవరితోనూ నాకు పని లేదు. ఓడలో సరుకుల గది చూసే ముసలావిడ ఒకత్తె ఉంది. నీళ్ళు కొలిచి పోస్తుంది. తిండి కొలిచి పెడుతుంది. కెప్టెన్ వచ్చి ఇంకో గ్లాసు అడిగినా మూత బిగించేస్తుంది. ఆ ఓడ అన్నేళ్ళు నడిచిందంటే ఆవిడ వల్లే.

"అక్కడ వంట ఎవరు చేస్తారే?" అని ఒకసారి అడిగాను.

"మెషీన్."

"మెషీన్ కడిగేదెవరు?"

"అమ్మమ్మా! షో చూడనివ్వు."

ఆఖరిసారి వచ్చిన భాగంలో ఓడలో గాలి అయిపోవస్తుంది. దారిలో ఎప్పుడో పాడుబడిన స్టేషన్ ఒకటి కనిపిస్తే అక్కడ ఆపుతారు. గాలి తొట్లు నింపడానికి ఆ సరుకులావిడే దిగి వెళ్తుంది. ఆవిడ లోపల ఉండగా స్టేషన్ విరగడం మొదలవుతుంది. కెప్టెన్ ఓడ తలుపు మూసేస్తాడు. ఆవిడని ఒక్క మాట అడగడు, చెప్పడు. ఆవిడ తలుపు వైపు చూస్తుంది. చూసి, మళ్ళీ చక్రం తిప్పుతూ గాలి వాళ్ళకే పంపిస్తుంది. తొట్లు నిండగానే ఓడ వెళ్ళిపోతుంది. తర్వాత ఆవిడ ఓ దీపం దగ్గర ఖాళీ కప్పు ముందు పెట్టుకుని కూర్చుంటుంది. అక్కడితో సీరియల్ అయిపోయింది.

ఆ మనిషిని అలా కూర్చోబెట్టి ఆపేసిన వాళ్ళ మీద నాకు మండిపోయింది. కాబట్టి పుస్తకం గురించి ఇంకేమీ అనలేదు. "చదువు మరి, వాళ్ళు వెనక్కి వస్తారేమో చూద్దాం" అన్నాను.

కథలు సగంలో పోవడం నాకు కొత్త కాదు. నాన్నకి కిరాణా కొట్టుండేది. నాలుగో తరగతితో నన్ను బడి మాన్పించి కొట్లో కూర్చోబెట్టాడు. నా పని పొట్లాలు కట్టడం. పాత పేపర్లు, వారపత్రికలు తూకానికి తెచ్చి పడేసేవాడు. వాటిని చింపి, చుట్టి, పప్పో పంచదారో పోసి, పురికొసతో కట్టాలి. నేను చదివింది ఏదైనా ఉంటే ఆ కాగితాల మీదే. సీరియల్ ముప్పయ్యో వారం దొరికేది, ముప్పై ఒకటి దొరికేది కాదు. ఒక్కోసారి ఆఖరి పేజీ చేతిలో ఉండగానే ఎవరో వచ్చి అరకిలో పంచదార అనేవాళ్ళు. "చదవడం కాదు, కట్టు" అనేవాడు నాన్న. కట్టేదాన్ని. కథ చివర పంచదారతో పాటు వీధి దాటి వెళ్ళిపోయేది. ఆ తర్వాత ఏమైందో నాకు నేనే చెప్పుకునేదాన్ని.

ఈ సంగతి మనవరాలికి చెబితే కళ్ళు పెద్దవి చేసి వింది. "దట్స్ సో శాడ్" అంది. బాధేమీ లేదు, అలా జరిగింది అంతే అన్నాను.

ఆ మర్నాటి నుంచి అది స్కూల్ నుంచి రాగానే చదవడం మొదలుపెట్టాం. అమ్మాయి నార్త్ యార్క్‌లో బ్యాంకులో పనిచేస్తుంది. సబ్‌వే, బస్సు మారి ఇల్లు చేరేసరికి ఏడవుతుంది. అల్లుడూ అంతే. నాలుగు నుంచి ఇంట్లో మేమిద్దరమే. అది ఓ పేరా లోపల్లోపల చదువుకుని, తర్వాత నాకు తెలుగులో చెప్పేది. మాట తెలియకపోతే నన్నడిగేది. నాకు వస్తువు తెలియకపోతే దాన్నడిగేదాన్ని. ఓడకీ బయటికీ మధ్య రెండు తలుపుల గది ఉంటుంది. దానికి తెలుగు ఏమిటని ఇద్దరం చాలాసేపు వెతికి, చివరికి 'నడవ' అని పెట్టుకున్నాం. మిగతా రోజంతా నాతో "ఊఁ", "ఓకే" తప్ప మాట్లాడని పిల్ల, ఆ గంట మాత్రం చేతులు తిప్పుతూ చెప్పేది. ఉన్నదున్నట్టు చెబుతున్నాను, ఈ దేశంలో నా రోజంటే ఆ గంటే.

అందుకే నేనో నియమం పెట్టాను. రోజుకి ఒక్క ఛాప్టరే, నేను లేకుండా ముందుకు చదవకూడదు అని. ఉన్నదాన్ని పొదుపుగా వాడితే ఎక్కువ రోజులు వస్తుంది. నూనె అయినా అంతే, కథ అయినా అంతే.

ఆఖరి ఛాప్టర్ ముందు రోజు అది నా మోకాలు పట్టుకుని బతిమాలింది. కెప్టెన్ మనసు మార్చుకుని ఓడని వెనక్కి తిప్పాడు. స్టేషన్‌లో దీపం ఉందో ఆరిందో తెలియదు.

"ప్లీజ్ అమ్మమ్మా. ఒక్కటే ఉంది. ఇవాళే చదివేద్దాం."

"రేపటికి ఉంచు."

"నువ్వు ఆ లేడీ కంటే స్ట్రిక్ట్!"

"ఆవిడ వల్లే వాళ్ళు బతికారు" అని పుస్తకం మూయించాను.

పుస్తకం పాతది, ఎవరో వాడి అమ్మేసింది. జిగురు ఎండిపోయి, మూసేటప్పుడు చివరి కాగితాలు ఊడి చేతిలోకి వచ్చాయి. ఆరు కాగితాలు, ఆఖరి ఛాప్టర్ అంతా. మర్నాడు పొద్దున బస్సు తొందరలో పిల్ల వాటిని డైనింగ్ టేబుల్ మీద పెట్టి వెళ్ళింది. సాయంత్రం గమ్ తెచ్చి అతికిద్దామనుకుందట. పెట్టింది కూరగాయల కొట్లవాళ్ళు ఇంటింటికీ వేసే ప్రకటన కాగితాల దొంతర మీద. అది నా దొంతర. నూనె వంటలకని దాచుకునేది.

పేపర్ టవల్ నేను వాడను. కొత్త కాగితాన్ని నూనె పీల్చి పారేయడానికి తయారు చేస్తారంటే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. అయితే ఆ కొట్లవాళ్ళ కాగితాలు నున్నగా మెరుస్తాయి, నూనె సరిగ్గా పీల్చవు.

ఆ మధ్యాహ్నం చేగోడీలు చేశాను. ఆఖరి ఛాప్టర్ రోజు కదా, తింటూ చదువుకుంటాం అని. కళ్ళజోడు వంటింట్లో పెట్టుకోను, ఆవిరికి మసకేస్తుంది. దొంతర పైన మెరుపు లేని, కొంచెం పసుపు తిరిగిన కాగితాలు చేతికి తగిలాయి. గరుకుగా, మెత్తగా ఉన్నాయి. ఇలాంటి కాగితం ఈ దేశంలోనూ దొరుకుతుందే అని సంతోషించాను. అయిదు కాగితాలు పళ్ళెంలో పరిచి చేగోడీలు దేవి పోశాను. ఎంత బాగా పీల్చాయో! ఆరోదాంతో బాండీ తుడిచాను. అన్నీ కలిపి సంచిలో వేసి, దారంతో ముడి వేసి, వాసన పట్టకుండా అప్పుడే కిందికి తీసుకెళ్ళి చెత్త గదిలో ఆకుపచ్చ డబ్బాలో పడేసి వచ్చాను. వంటిల్లు అద్దంలా ఉంది.

నాలుగింటికి పిల్ల వచ్చింది. బ్యాగు దించకుండానే, "అమ్మమ్మా, ఇక్కడ పేజెస్ పెట్టాను, ఏవి?" అంది.

"ఏ పేజీలు?" అని అడుగుతూనే నాకు తెలిసిపోయింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చేగోడీల కింద వేశాను, పారేశాను అని.

అది అరవలేదు. అరిచినా బాగుండేది.

"నీకోసం ఆపాను" అంది. "నిన్న నైట్ చదవాలని ఎంత అనిపించిందో తెలుసా? నీకు ప్రామిస్ చేశానని ఆపాను. ఆ బుక్ ఇంకెక్కడా దొరకట్లేదు. నువ్వు అడగవు అమ్మమ్మా. ఎవ్వర్నీ ఏదీ అడగవు. పారేస్తావు అంతే."

తర్వాత ఇంగ్లీషులో ఏదో అని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఈసారి ఆ ఇంగ్లీషుని వినిపించుకోనట్టు ఉండలేకపోయాను. అర్థం కాకపోయినా తగిలింది.

నాలుగో తరగతి నుంచి నాకు కాగితమంటే కాగితమే. కట్టడానికో, పరచడానికో. దాని మీద ఏముందో చూస్తూ కూర్చుంటే తిట్లు తిన్నాను. చివరికి నేనూ మా నాన్న చేసిన పనే చేశాను. ఆయన ముందు గిరాకీ అయినా నిలబడి ఉండేది. నా ముందు ఎవరూ లేరు. పైగా నిన్న చదవనిచ్చి ఉంటే పోయేది ఆరు కాగితాలే, కథ పోయేది కాదు. దాచమన్నదీ నేనే, పారేసిందీ నేనే.

కోటు వేసుకుని కిందికి వెళ్ళాను.

చెత్త గదిలో ఆ డబ్బా నా భుజం ఎత్తుంటుంది. మూత తీస్తే నిండా సంచులే. రెండొందల ఇళ్ళ టవర్ మరి. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఓ సంచి పైకి తీశాను, ఇంకోటి తీశాను. వెనక నుంచి "ఎన్నమ్మా తేడురీంగ?" అని వినిపించింది, ఏం వెతుకుతున్నానని. బిల్డింగ్ బాగోగులు చూసే సూపరింటెండెంటు. జాఫ్నా నుంచి వచ్చిన తమిళాయన. ఆయన తమిళమే మాట్లాడతాడు, నేను తెలుగే మాట్లాడతాను. ఇన్నేళ్ళుగా అలాగే గడుస్తోంది.

"కాగితాలండీ. మనవరాలి పుస్తకంలో కాగితాలు. పొరపాటున పడేశాను."

"కాగిదమా? ఇదులయా?" అని, కాగితాలు ఇందులోనా అన్నట్టు ఆయన డబ్బాని, నన్ను, నా చేతులని చూశాడు. "విడుంగమ్మా, పోగట్టుం" అన్నాడు. వదిలేయమని. నేను వదలనని ఆయనకి అర్థమై, నిట్టూర్చి, గ్లౌజులు వేసుకుని డబ్బాని పక్కకి వంచాడు.

అప్పుడు కనిపించింది. అన్ని సంచులకీ మూతులు మెలేసి వేసిన ముడులు. ఒక్కదానికి మాత్రం దారం రెండు చుట్లు అడ్డంగా, ఒకటి నిలువుగా, చివర లాగితే ఊడే ముడి. పొట్లం ముడి. సంచి ఏదైనా నా చేతులకి అదొక్కటే వచ్చు. "చెత్తకి కూడా పార్సిల్ కడతావేంటమ్మా" అని మా అమ్మాయి ఎప్పుడూ నవ్వుతుంది.

"అదేనండీ! అది నాది!" అని అరిచాను. ఆయన తీసి ఇచ్చి, దారాన్ని వేలితో తట్టి, "కడై మాదిరి" అన్నాడు. కొట్లో కట్టినట్టుందని. అవునన్నాను.

పైకి తెచ్చి విప్పాను. అయిదు కాగితాలు నూనె పట్టి గాజులా అయిపోయాయి. ఆరోది బాండీ మసితో నల్లటి ఉండ. విప్పితే ముక్కలుగా వచ్చింది. ఇంగ్లీషు రాకపోయినా అంకెలు వచ్చు కాబట్టి వరసలో పెట్టాను. మసి ఉండే ఆఖరిది.

బియ్యప్పిండి చల్లి, మధ్యలో పాత పేపర్లు పెట్టి, పైన చపాతీ పీట, దాని మీద బియ్యం డబ్బా పెట్టాను. గంట తర్వాత తీసి దులిపితే నూనె తగ్గింది గానీ చదివే వీలు లేదు. వెనక వైపు అక్షరాలు ముందుకి కనిపించి రెండూ కలిసిపోతున్నాయి. చిన్నప్పుడు పకోడీల పొట్లాలు ఇలాగే అయ్యేవి. వాటిని పలక మీద పెట్టి చదివేదాన్ని. కింద నలుపుంటే వెనక వైపు అక్షరాలు మునిగిపోయి ముందువే మిగులుతాయి. ఇక్కడ పలక ఎక్కడిది? దోసెల పెనం కడిగి, తుడిచి, టేబుల్ మీద బోర్లించాను. మొదటి కాగితం దాని మీద పరిచాను.

గది తలుపు దగ్గరికి వెళ్ళాను. ఏమని పిలవాలో తెలియలేదు. "అక్షరాలు కనిపిస్తున్నాయి. సరిగ్గా ఉన్నాయో లేదో చూడు, నాకు రాదుగా" అన్నాను.

తర్వాత తలుపు తెరుచుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. టేబుల్ దగ్గరికి వచ్చి పెనాన్ని చూసింది, పెనం మీద కాగితాన్ని చూసింది. నా కోటు చేతికి అంటిన అరటి తొక్కనీ చూసింది.

"నువ్వు బిన్‌లో వెతికావా?"

"చదువు."

నవ్వబోయి ఆపుకుంది. కూర్చుంది. మునుపటిలా చేతులు తిప్పలేదు, పొడిపొడిగా చెప్పింది. ఓడ స్టేషన్‌ని చేరింది. సగం విరిగిపోయి ఉంది. దీపం కనిపించలేదు. కెప్టెన్ ఒక్కడే దిగాడు. ఒక్కో కాగితం అయ్యాక తీసి ఇంకోటి పెనం మీద పరిచేదాన్ని. అయిదో కాగితంలో కెప్టెన్ నడవ దాటి లోపలి తలుపు దగ్గరికి వచ్చాడు. తలుపు తెరుచుకుంది. ఆవిడ బతికే ఉంది. చక్రం దగ్గరే ఉంది. తలెత్తి ఆయన వైపు చూసింది.

అక్కడితో అయిపోయింది. ఆ తర్వాతిది మసి ముక్కలు.

పిల్ల ఆ ముక్కలని వేలితో కదిపింది. "నువ్వు కొట్లో ఏం చేసేదానివి? ఎండింగ్ నువ్వే చెప్పుకునేదానివి కదా. చెప్పు. కెప్టెన్ ఏమంటాడు?"

"ఏమంటాడు! తప్పు నాదే అంటాడు."

"అంతేనా?"

"నిన్ను ఒక్క మాట అడగాల్సింది, అడక్కుండా తలుపు వేసేశాను అంటాడు. దారి పొడుగునా ఆ తలుపే కళ్ళలో మెదిలిందంటాడు."

పిల్ల నా వైపే చూస్తోంది. ఆ మాట కెప్టెన్ నోట పెట్టి అన్నాను. సూటిగా అనడం నాకు చేతకాలేదు. మా ఇంట్లో పెద్దవాళ్ళు పిల్లలతో ఆ మాట అనడం నేనెప్పుడూ వినలేదు. ఇది చదివే వాళ్ళకైనా తెలియాలని ఇక్కడ సూటిగా రాస్తున్నాను. తప్పు నాదే.

"అప్పుడు ఆవిడ ఏమంటుందే?" అన్నాను.

అది కాసేపు ఆలోచించింది. "ఓకే అంటుంది. కానీ ఇంకా కోపంగానే ఉంటుంది." మళ్ళీ ఆలోచించి, "చేగోడీలు ఉన్నాయా అని అడుగుతుంది" అంది.

డబ్బా మూత తీసి ముందు పెట్టాను. ఎన్ని తింటోందో చూడలేదు.

కోపం రెండు మూడు రోజులు ఉంది. తర్వాత అదే వచ్చి, ఆ పుస్తకం ఎక్కడో దూరాన విన్నిపెగ్ అనే ఊరి లైబ్రరీలో ఒకటుందని, మన లైబ్రరీలో అడిగితే తెప్పిస్తారని చెప్పింది. అడిగాం. రావడానికి వారాలు పట్టింది. ఈలోగా నాలుగింటికి మాకు చదవడానికేమీ లేకపోయినా, అది వచ్చి టేబుల్ దగ్గర కూర్చునేది. స్కూల్ సంగతులు చెప్పేది. ఇంగ్లీషులో చెబితే ఇప్పుడు నేనే ఆపి అడుగుతున్నాను, దాని అర్థం ఏమిటని.

పుస్తకం వచ్చిన రోజు సంచిలోంచి తీసి నా ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

"ఛాప్టర్ కాదు, ఒక్క పేజీయే. ఇవాళా, రేపా?"

"ఇప్పుడే" అన్నాను. "నిలబడే చదువు, పర్లేదు."

ఆఖరి పేజీ తీసి లోపల చదువుకుంది. మొహం చూస్తే మంచో చెడో తెలియలేదు.

"కెప్టెన్ ఏమీ అనలేదు అమ్మమ్మా. సారీ కూడా లేదు. ఆవిడ పక్కన కూర్చుని, ఆవిడ కప్పులో నీళ్ళు పోస్తాడు. కప్పు నిండిపోయినా పోస్తూనే ఉంటాడు. నీళ్ళన్నీ ఫ్లోర్ మీద పడిపోతాయి. ఆవిడ ఆపమనదు. అంతే, అయిపోయింది."

పుస్తకం మూసి, ఓరగా నన్ను చూసింది. "అన్ని నీళ్ళు వేస్ట్ చేశాడు. నువ్వైతే తిట్టేదానివి."

ఆ ఓడలో చుక్క నీటికి ఎంత పోరాడారో నాకు తెలుసు. ఆవిడకీ తెలుసు.

"పడనీలే" అన్నాను.